ఆపే విద్య

ఉద్దేశం: వాహన వేగాన్ని అదుపు చేసే ఒక చిన్న యంత్రభాగం రూపకల్పనలోని శాస్త్రీయతను, దానిని తయారుచేసే పనివాని బాధ్యతను విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

కఠోపనిషత్తు శరీరాన్ని రథంతోను, బుద్ధిని సారథితోను, మనస్సును పగ్గాలతోను పోల్చింది. గుర్రాలు ఎంత బలమైనవైనా పగ్గం తెగిన రథం గమ్యం చేరదు. నేటి మోటారు వాహనానికి ఇంజను గుర్రమైతే బ్రేకు పగ్గం వంటిది. వేగంగా పోవడం గొప్ప అనుకుంటాం కాని, తలచిన చోట ఆగగలగడమే అసలైన విద్య.

హైదరాబాదు నుంచి విజయవాడకు పోయే 65వ నంబరు జాతీయ రహదారి సూర్యాపేట, కోదాడల మీదుగా సాగుతుంది. మిర్యాలగూడ బియ్యం మిల్లుల నుంచి బస్తాలతో బయలుదేరే లారీలు, బస్సులు, కార్లు, ద్విచక్ర వాహనాలు ఈ ప్రాంతపు రోడ్ల మీద నిత్యం కనిపిస్తాయి. ఇటువంటి దారిలో తిరిగే పాత కారుకు ఇంకా పెద్ద బ్రేకులు అమర్చుకోవాలనే కోరిక ఉత్సాహవంతులైన యువకులకు కలగడం సహజం. ఆ కోరిక నెరవేరాలంటే ఒక చిన్న లోహపు ముక్క కావాలి. దాని పేరు కాలిపర్ బ్రాకెట్.

డిస్క్ బ్రేకులో చక్రంతోపాటు తిరిగే ఒక గుండ్రని పళ్ళెం ఉంటుంది. దానిని రెండువైపుల నుంచి పట్టుకొనే సాధనమే కాలిపర్. డ్రైవరు పెడలు తొక్కగానే గొట్టాలలోని బ్రేకు ఆయిలు ద్వారా ఒత్తిడి కాలిపర్‌లోని పిస్టన్లకు చేరుతుంది. అవి ప్యాడ్లను పళ్ళేనికి అదుముతాయి. మీరు భౌతికశాస్త్రంలో చదివిన పాస్కల్ నియమమే ఇక్కడ పనిచేస్తుంది. ప్రయోగశాలలో మీరు వాడే వెర్నియర్ కాలిపర్స్ కూడా వస్తువును ఇరుపక్కల నుంచి పట్టుకొనే సాధనమే. పేరులోని పోలికకు కారణం అదే. ఆంగ్లేయ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో డిస్క్ బ్రేకుకు పేటెంటు పొందాడు. 1953లో ఫ్రాన్సులోని లీమాన్స్ పందెంలో డిస్క్ బ్రేకులు గల జాగ్వార్ కారు గెలుపొందడంతో దాని సామర్థ్యం లోకానికి వెల్లడైంది.

పెద్ద డిస్కు ఎందుకు? కదిలే వస్తువు గతిజశక్తి దాని వేగపు వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 1200 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దాని గతిజశక్తి సుమారు 1.67 లక్షల జౌళ్ళు. వేగం 100 కిలోమీటర్లకు చేరితే అది సుమారు 4.63 లక్షల జౌళ్ళు అవుతుంది. కారును ఆపేటప్పుడు ఈ శక్తిలో అధికభాగం బ్రేకులలో వేడిగా మారుతుంది. పెద్ద డిస్కు ఆ వేడిని ఎక్కువగా ఇముడ్చుకొని త్వరగా గాలికి వదులుతుంది. అయితే ఒక సత్యం మరువరాదు. చక్రాన్ని నిలిపేది బ్రేకు, కారును నిలిపేది టైరుకు రోడ్డుతో ఉన్న పట్టు. అరిగిన టైర్లున్న కారుకు ఎంత పెద్ద బ్రేకులు బిగించినా ప్రయోజనం ఉండదు.

పాత డిస్కు వ్యాసం 240 మిల్లీమీటర్లు, కొత్తదాని వ్యాసం 280 మిల్లీమీటర్లు అనుకుందాం. వ్యాసార్ధం 20 మిల్లీమీటర్లు పెరిగింది. కనుక పాత కాలిపర్‌నే వాడదలచినా అది 20 మిల్లీమీటర్లు వెలుపలికి జరగాలి. కాని చక్రాన్ని మోసే ‘నకిల్’ అనే భాగానికి ఉన్న రంధ్రాలు మాత్రం ఉన్నచోటనే ఉంటాయి. ఈ రెండింటికి నడుమ వారధిగా నిలిచేదే బ్రాకెట్. దాని ఒక జత రంధ్రాలు నకిల్‌కు, మరొక జత కాలిపర్‌కు సరిపోవాలి.

ఇందులో మొదటి మెట్టు కొలత. రంధ్రాల నడుమ దూరాన్ని, డిస్కు మందాన్ని, నకిల్ ముఖం నుంచి డిస్కు ఎంత ఎడంగా ఉన్నదో ఆ దూరాన్ని కచ్చితంగా కొలవాలి. డిస్కు సరిగ్గా కాలిపర్ నడుమకు రావాలి. అట్టముక్కతో నమూనా కత్తిరించి, అమర్చి చూసి, చక్రం బిగించి, స్టీరింగును రెండువైపులా పూర్తిగా తిప్పి ఎక్కడా రాసుకోవడం లేదని నిర్ధారించుకున్న తరువాతనే లోహాన్ని కోయాలి.

రెండవ మెట్టు బలం లెక్క. 1200 కిలోల కారు తన బరువులో 80 శాతానికి సమానమైన బలంతో ఆగుతుందని అనుకుందాం. ఆ బలం 960 కిలోల బరువుతో సమానం. ఆగేటప్పుడు భారం ముందుకు వాలుతుంది కనుక అందులో 70 శాతం, అనగా 672 కిలోలు, ముందు చక్రాల వంతు. ఒక్కొక్క చక్రానికి 336 కిలోలు. టైరు వ్యాసార్ధం 29 సెంటీమీటర్లు, ప్యాడు పట్టే చోటు ఇరుసు కేంద్రం నుంచి 12 సెంటీమీటర్లు. కనుక బ్రాకెట్ మీద పడే బలం 336ను 29తో గుణించి 12తో భాగించగా వచ్చే 812 కిలోలు. అంటే ఎనిమిది క్వింటాళ్ళకు పైమాట! అరచేతిలో ఇమిడే ముక్క మోసే భారం అది.

సూర్యాపేట సమీపంలోని పిల్లలమర్రిలో కాకతీయుల కాలపు ఆలయస్తంభాలు శతాబ్దాలుగా నిలిచి ఉన్నాయి. వాటిపై భారం స్థిరమైనది. బ్రాకెట్‌పై భారమో, పెడలు తొక్కిన ప్రతిసారీ వచ్చి పోయేది. తీగను పదేపదే వంచితే తెగినట్లు, ఇటువంటి భారం వల్ల లోహంలో సన్నని బీట పుట్టి క్రమంగా పెరుగుతుంది. పదునైన లోపలి మూలల వద్దనే అది ఎక్కువగా మొదలవుతుంది. కాబట్టి మూలలను గుండ్రంగా మలచాలి. ఏదో దొరికిన రేకుముక్కను కాక, గుణం తెలిసిన ఉక్కును గాని, తగిన బలంగల అల్యూమినియం మిశ్రలోహాన్ని గాని వాడాలి. బోల్టు తలపై 8.8, 10.9 వంటి అంకెలు దాని బలాన్ని తెలుపుతాయి. ఆ అంకెలు చూసి తగినదానిని ఎన్నుకొని, టార్క్ రెంచితో నిర్దేశించిన మేరకు బిగించాలి.

మూడవ మెట్టు సమతూకం. ముందు బ్రేకుల బలం మాత్రమే పెంచితే ముందు, వెనుక చక్రాల నడుమ తయారీదారులు కుదిర్చిన పొందిక చెడుతుంది. కాలిపర్ పిస్టన్లు పెద్దవైతే పెడలు మరింత లోతుకు దిగవలసి వస్తుంది. ఒక భాగాన్ని మార్చినవాడు మొత్తం వ్యవస్థను ఆలోచించక తప్పదు.

చట్టాన్ని కూడా గుర్తుంచుకోవాలి. వాహనాల మార్పులపై మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ పరిమితులు విధించింది. చట్టం అనుమతించని మార్పులు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పుకు 5000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించే నిబంధన 2019 సవరణతో చేరింది. అందువల్ల అర్హతగల ఇంజనీరు పరిశీలన, రవాణా అధికారుల సలహా లేకుండా ఇటువంటి పనికి పూనుకోరాదు. చాలా కార్లకు మంచి ప్యాడ్లు, మంచి టైర్లు, సకాలంలో మార్చిన బ్రేకు ఆయిలు సరిపోతాయి. ఆయిలు గాలిలోని తేమను పీల్చుకొంటుంది. తేమ చేరినకొద్దీ తక్కువ వేడికే మరిగి పెడలు మెత్తబడుతుంది.

రోడ్డు దాటుతున్న బడిపిల్లవానికి ఆ కారు బ్రాకెట్‌ను ఎవరు చేశారో తెలియదు. అయినా ఆ క్షణంలో అతని ప్రాణం ఆ పనివాని నిజాయితీపై ఆధారపడి ఉంటుంది. కంటికి కనబడని చోట కూడా కొలత తప్పని పనియే ఉత్తమమైన పని. మీరు రేపు ఏ వృత్తిని చేపట్టినా ఈ మాట మరువకండి.

ప్రశ్నలు

1. వేగం పెరిగినప్పుడు కారును ఆపడం ఎందుకు కష్టమవుతుందో వివరించండి.
2. బ్రాకెట్‌పై పడే బలాన్ని రచయిత ఎట్లా లెక్కించారు?
3. ఆలయస్తంభానికి, బ్రాకెట్‌కు గల భేదాన్ని తెలపండి.
4. ‘కంటికి కనబడని చోట కూడా కొలత తప్పని పనియే ఉత్తమమైన పని’ - ఈ వాక్యాన్ని సమర్థిస్తూ మీ అనుభవం నుంచి ఒక ఉదాహరణ రాయండి.