సముద్ర దోసకాయ: కాయ కాదు, ప్రాణి



పదకొండో తరగతి జీవశాస్త్రంలో స్టార్‌ఫిష్ వర్గంలోనే కుకుమేరియా అనే పేరు కనిపిస్తుంది. అదే సముద్ర దోసకాయ. పరీక్ష కోసం ఆ పేరు బట్టీ పట్టే పిల్లలకు దాని వెనక ఉన్న వ్యాపారం కథ కూడా చెప్పండి. పాఠం మనసులో నిలుస్తుంది.

అది చేసే పని

మన చేలో వానపాము చేసే పనే ఇది సముద్రం అడుగున చేస్తుంది. ఇసుక మింగి, అందులోని కుళ్లిన పదార్థాన్ని తిని, మిగతా ఇసుకను వదిలేస్తుంది. పారిపోలేదు, కరవలేదు. అందుకే సులువుగా చేతికి చిక్కుతుంది.

ఎండితేనే ధర

మన దేశంలో ఈ వ్యాపారానికి కేంద్రం తమిళనాడులోని మన్నార్ సింధుశాఖ, పాక్ జలసంధి తీరం. అక్కడ దీన్ని కడల్ అట్టై అంటారు, అంటే సముద్రపు జలగ. తినేది మాత్రం చైనా వాళ్లు. వారికది సముద్రపు జిన్సెంగ్, విందుల్లో గొప్ప వంటకం.

పట్టినదాని పేగులు తీసి, ఉడికించి, ఇసుకలో పాతిపెట్టి, పైపొర రుద్ది కడిగి, మళ్లీ ఉడికించి ఎండబెడతారు. పచ్చి బరువులో పదో వంతు కూడా మిగలదు. మిర్చి యార్డుకు టిక్కీలు తోలినవారికి ఈ లెక్క వేరే చెప్పనక్కర్లేదు: తేమ ఉంటే ధర పడిపోతుంది, సైజును బట్టి గ్రేడు.

నిషేధం ఎందుకు?

ఇవి గుడ్లను, వీర్యాన్ని నీళ్లలోకే వదులుతాయి. పక్కపక్కన ఉంటేనే అవి కలుస్తాయి. ఎక్కువగా ఏరేస్తే మిగిలినవి దూరదూరంగా పడిపోయి, సంతతి ఆగిపోతుంది. 1982లో 75 మిల్లీమీటర్లకన్నా చిన్నవాటి ఎగుమతిని ఆపారు. అది చాలలేదు. 2001లో అన్ని రకాలనూ వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూల్-1లో, అంటే పులి ఉన్న జాబితాలోనే చేర్చారు. 2020లో లక్షద్వీప్‌లో వీటికోసమే 239 చదరపు కిలోమీటర్ల రక్షిత ప్రాంతం ఏర్పడింది.

అయితే దీన్నే నమ్ముకున్న జాలరి కుటుంబాల జీవనం దెబ్బతింది. పక్కనే శ్రీలంకలో ఈ వ్యాపారం చట్టబద్ధం కావడంతో దొంగరవాణా ఆగలేదు.

ఇంట్లో మాట్లాడుకోండి

నిజాంపట్నం, కొత్తపట్నం వైపు వెళ్తే వనామీ రొయ్యల చెరువులు చూపించి పిల్లల్ని అడగండి: పట్టుకోవడానికీ, పెంచుకోవడానికీ తేడా ఏమిటి? కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1988లోనే తూత్తుకుడిలో సముద్ర దోసకాయ పిల్లల్ని హేచరీలో పుట్టించారు. మరి పెంపకానికి అనుమతిస్తే జాలర్లు బాగుపడతారా, దొంగసరుకు దాని చాటున చెలామణి అవుతుందా? దీనికి ఒకే సరైన జవాబు లేదు. కారణం చెప్పమనండి, చాలు.

ఒక జాగ్రత్త: సెలవుల్లో రామేశ్వరం వెళ్లినప్పుడు సముద్ర దోసకాయ పచ్చిది గానీ ఎండుది గానీ ఎవరు ఇచ్చినా కొనకండి, తేకండి. తెలియక తెచ్చినా చట్టం దృష్టిలో అది నేరమే.