కానా రాతిబానలు, ఐగుప్తు కుండలు

"యేసు ప్రభువే నీళ్లను ద్రాక్షారసముగా మార్చెను గదా అయ్యగారూ, మేము కొంచెము పుచ్చుకొంటే తప్పేమిటి?" అని సంఘములలో మమ్మును అడుగుచుందురు. అడిగిన సహోదరుని భార్య అప్పుడు తల వంచుకొని కూర్చుండును. అందుచేత ఆ దినములలో ప్రజలు ఏమి త్రాగేవారో చూతము.

ఐగుప్తులో అది నాణెములు లేని కాలము. ఫరోల సమాధులు తొలిచిన పనివారికి కూలి ధాన్యముగానే ముట్టేది: రొట్టెకు గోధుమలు, బీరుకు యవలు, అనగా బార్లీ. ఆ బీరు ఇంటిలోనే చేసికొనేవారు. అది అంబలి వలె చిక్కగా ఉండి ఆకలి తీర్చేది. బబులోను దేశములోనైతే కుండపై పొట్టు తేలుచుండగా చుట్టు కూర్చున్నవారు పొడవైన రెల్లు గొట్టములతో పీల్చుకొనేవారు. ఆ దృశ్యము చెక్కిన రాతి ముద్రలు నేటికిని ఉన్నవి. ధాన్యమునకు తగినంత బీరు పోయక మోసగించు దుకాణపు స్త్రీని నీళ్లలో పడవేయవలెనని హమ్మురాబి రాజు (క్రీ.పూ. 18వ శతాబ్దము) చట్టములో ఉన్నది. కొలతలో మోసము ఎంత పాతదో చూడండి! మన బైబిలులో "మద్యము" అని ఉన్నచోట హెబ్రీ మాట షేకార్. బబులోనువారు బీరును షికారు అనేవారు.

ఇక ద్రాక్షారసము. గ్రీకులు దానిలో నీళ్లు కలిపియే త్రాగేవారు. కలుపక త్రాగుట అనాగరికుల పద్ధతి అని ఎంచేవారు. యూదులలోను పస్కా పాత్రలో నీళ్లు కలుపు వాడుక ఉండేది. కేవలము పులియబెట్టిన రసములో మద్యసారము సాధారణముగా 15 శాతమునకు మించదు. ద్రాక్షారసమును బట్టీలో కాచి ఘాటు సారము దించుట ఐరోపాలో క్రీ.శ. 12వ శతాబ్దపు సంగతి. మన దుకాణములలోని బ్రాందీ, విస్కీ సీసాలపై 42.8 శాతమని అచ్చువేసి ఉండును. కానాలోని ఆరు రాతిబానలను ఆ సీసాకు సాక్షిగా నిలువబెట్టుట న్యాయము కాదు.

అయితే పలుచని బీరు కూడ మనుష్యులను చెరిపినది. బీరు వాసనతో వీధివీధి తిరుగు శిష్యుని సుమారు 3,200 సంవత్సరముల క్రిందటి ఐగుప్తు గురువు ఒకడు చుక్కాని వంకరపోయిన పడవతో పోల్చి గద్దించెను. యెషయా 28వ అధ్యాయములో తూలుచున్నవారు యాజకులే, ప్రవక్తలే.

యిర్మీయా 35వ అధ్యాయము కూడ తీసి చదవండి. యెహోయాకీము దినములలో ప్రవక్త దేవుని మందిరపు గదిలో రేకాబీయుల యెదుట ద్రాక్షారసముతో నిండిన పాత్రలు పెట్టెను. వారు ముట్టలేదు. త్రాగవద్దని చెప్పిన వారి పితరుడు యోనాదాబు యెహూ రాజు కాలపువాడు. అతడు చెప్పి అప్పటికి 200 సంవత్సరములు దాటినవి. పురుషులు, భార్యలు, కుమారులు, కుమార్తెలు అందరును ఆ మాట నిలుపుకొనియే ఉండిరి.