లేని జన్యువును వెతికేదెలా?

ఖరగ్‌పూర్ నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి అక్కడే స్థిరపడిన కుటుంబం వాళ్లది. ఇంట్లో బాలింతలకు ఇప్పటికీ సొరపిట్టు వండుతారట. ఉడికిన సొరచేప గరుకు తోలు గీకేసి చేత్తో చిదిపితే కండ పొడిపొడిగా రాలుతుంది, గట్టి ముల్లు తగలదు. మిగతా చేపలకున్న ఎముక దీనికెందుకు లేదు, ఆ జవాబు జన్యువుల్లో దొరుకుతుందా అని ఆవిడ అడిగారు. ఎంత మంచి ప్రశ్న!

2014లో సింగపూర్‌కు చెందిన బైరప్ప వెంకటేష్ బృందం ఏనుగు సొర జన్యుపటాన్ని 'నేచర్'లో ప్రచురించింది. ఇది అసలు సొర కాదు, సొరలకు దూరపు చుట్టం. సొరలాగే ఎముకకు బదులు మృదులాస్థి ఉన్న చేపే. డీఎన్‌ఏ మన దాంట్లో మూడోవంతే కాబట్టి చదవడం తేలికని దీన్ని ఎంచుకున్నారు. 2019లో వెలువడిన తెల్లసొర జన్యుపటమైతే 460 కోట్ల అక్షరాలు దాటింది.

అక్షరాలు చదివాక ఏ ముక్క జన్యువు, అది ఏ ప్రొటీన్ చేస్తుంది అని గుర్తించాలి. ఇదే అనొటేషన్. ఎముకలో కాల్షియం పేరుకోవడానికి తోడ్పడే ఎస్‌సీపీపీ అనే జన్యు కుటుంబం ఏనుగు సొరలో కనిపించలేదు. జీబ్రా చేపలో అలాంటి జన్యువు ఒకదాన్ని అణచితే ఎముక సరిగా ఏర్పడలేదు. జవాబు దొరికిందనే చాలామంది అనుకున్నారు.

కానీ 'ఉంది' అనడానికి ఒక్క ఆధారం చాలు. 'లేదు' అనాలంటే? కంప్యూటర్ పోలికను బట్టి వెతుకుతుంది. సొరల దారి, మన దారి విడిపోయి సుమారు 45 కోట్ల ఏళ్లు. ఇంతకాలంలో పొట్టి జన్యువులు, వేగంగా మారే జన్యువులు పోలికే లేకుండా పోతాయి. ఏనుగు సొర వ్యాసం రోగనిరోధక జన్యువులు కొన్ని లేవని కూడా చెప్పింది. జపాన్‌లో పరిశోధకుడైన డైక్‌స్ట్రా 2014లోనే వాటిలో కొన్నింటిని చూపించాడు. పోలికను పట్టుకోలేదు, ఇరుగుపొరుగును పట్టుకున్నాడు. రైల్వే క్వార్టర్స్‌లో మనిషి ముఖం గుర్తులేకపోయినా అటుపక్క ఎవరు, ఇటుపక్క ఎవరు అని అడిగి ఇల్లు కనుక్కోమా, అలాగన్నమాట. జన్యువు రూపు మారినా రాడ్50, కిఫ్3ఏ అనే పొరుగు జన్యువులు కదల్లేదు. ఈ పద్ధతంటే నాకు ప్రాణం.

2022లో ఇంకో మలుపు. ఎస్‌సీపీపీ జన్యువు ఒకటి అసలైన సొరల్లో, టేకు చేపల్లో బయటపడింది! అదీ సరైన పొరుగులోనే ఉంది. పిల్లిసొరలో అది పంటి పైపూత తయారుచేసే కణాల్లో పనిచేస్తోంది. దూరపు చుట్టాన్ని చూసి వంశమంతటికీ తీర్పు చెప్పడమే పొరపాటు. పైగా సొరల దారి, మన దారి చీలకముందే వేరుపడిన కొమ్మకు చెందిన, మంగోలియాలో దొరికిన 41 కోట్ల ఏళ్లనాటి మిన్‌జీనియా చేప శిలాజంలో ఎముక ఉందని 2020లో తేలింది. అంటే సొరల పూర్వీకులకు ఎముక ఉండేది, తరవాత పోయింది అనుకోవడమే సబబు. ఎలా పోయిందన్న లెక్క ఒక్క జన్యు కుటుంబంతో తేలేది కాదు.

'లేదు' అన్న మాటను ఇలా పరీక్షించడం వల్ల ఉపయోగమేమిటని అడిగేవారికి ఒక్క మాట. సొరకు క్యాన్సర్ రాదంటూ దాని మృదులాస్థిని మాత్రలుగా అమ్మారు. సొరకూ క్యాన్సర్ వస్తుంది. ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులపై జరిపిన పరీక్షలో ఆ మృదులాస్థి సారం ఆయుష్షు పెంచలేదని 2010లో తేలింది. దయచేసి ఆ మాత్రలు కొనకండి.