విండోస్ వద్దంటే డబ్బు వెనక్కి ఇస్తారా?

కొత్త ల్యాప్‌టాప్‌తో పాటు వచ్చే సాఫ్ట్‌వేర్ ఉచితం అనుకుంటున్నారా? కాదు. దాని ధర కూడా మీ బిల్లులోనే ఉంటుంది. అక్కర్లేదనుకుంటే ఏం చేయొచ్చో తెలుసుకోండి.

మామిడి కోతలు ముగిసి, నున్న మార్కెట్ నుంచి నాలుగు రూపాయలు చేతికొచ్చే వేళకే ఇంజినీరింగ్ ప్రవేశాల హడావుడి మొదలవుతుంది. జి.కొండూరు, మైలవరం, ఆగిరిపల్లి, నూజివీడు వైపు చాలా ఇళ్లల్లో ల్యాప్‌టాప్ కొనేది అప్పుడే. తూకంలో తరుగు పేరుతో కోత పెడితే నిలదీసే నాన్న, ల్యాప్‌టాప్ బిల్లులో మాత్రం ఒక్క అంకె చూసి డబ్బు కట్టేస్తాడు. యంత్రానికి ఎంత, విండోస్‌కు ఎంత అని అందులో విడిగా ఉండదు. మీరు లైనక్స్ మీదే పనిచేయాలనుకుంటే, వాడని సరుకుకు డబ్బు కట్టినట్టే కదా!

ఒప్పందంలోనే ఉంది

కొత్త ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే పెద్ద లైసెన్స్ ఒప్పందం కనిపిస్తుంది. చదవకుండానే ‘అంగీకరిస్తున్నా’ నొక్కేస్తాం. ఈ షరతులు నచ్చకపోతే సాఫ్ట్‌వేర్ వాడొద్దని, వాపసు విధానం కోసం తయారీ సంస్థను సంప్రదించవచ్చని అందులోనే రాసి ఉంటుంది. అయితే ఓ మెలిక ఉంది. ఆ విధానం ప్రకారం సాఫ్ట్‌వేర్‌తో పాటు ల్యాప్‌టాప్‌నూ తిరిగి ఇచ్చేయాల్సి రావొచ్చని కూడా అదే ఒప్పందం చెబుతుంది.

42 యూరోల పోరాటం

ఈ వాక్యాన్ని పట్టుకునే 1999 ఫిబ్రవరి 15న అమెరికాలోని కాలిఫోర్నియాలో లైనక్స్ అభిమానులు ‘విండోస్ రిఫండ్ డే’ పేరుతో మైక్రోసాఫ్ట్ కార్యాలయానికి వెళ్లారు. ఇటలీలో లూకా బోనిస్సీ అనే డెవలపర్ 2018లో లెనోవో ల్యాప్‌టాప్ కొని, విండోస్ ఒప్పందాన్ని తిరస్కరించి, 42 యూరోలు వెనక్కి ఇమ్మన్నారు. కంపెనీ కాదంది. కింది కోర్టులో ఆయనే గెలిచారు. కంపెనీ అప్పీలుకు వెళ్లింది. 2020 డిసెంబరులో మోంజా కోర్టు ఆ అప్పీలును కొట్టేయడమే కాదు, న్యాయ ప్రక్రియను దుర్వినియోగం చేసినందుకు 20,000 యూరోలు చెల్లించమంది. 42 ఇచ్చి ఉంటే పోయేది!

అన్ని తీర్పులూ ఇలాగే వస్తాయనుకోవద్దు. ఫ్రాన్స్ వినియోగదారుడొకరు సోనీపై వేసిన కేసులో, సాఫ్ట్‌వేర్‌తో కలిపి కంప్యూటర్ అమ్మడం దానంతటదే అక్రమ వ్యాపార పద్ధతి కాదని ఐరోపా సమాఖ్య న్యాయస్థానం 2016 సెప్టెంబరు 7న చెప్పింది. కొనేముందే ఆ విషయం కొనుగోలుదారుకు తెలుసా లేదా అన్నది అక్కడ కీలకమైంది.

మన దగ్గర ఏం చేయాలి?

కొనేముందే అడగండి: అన్నిటికన్నా తేలిక దారి ఇదే. ‘ఫ్రీడాస్’ లేదా ‘ఉబుంటు’తో వచ్చే మోడల్ ఉందా అని షాపులో అడగండి. అదే కాన్ఫిగరేషన్‌లో విండోస్ ఉన్న మోడల్ ధరతో పోల్చండి. ఆన్‌లైన్‌లో అయితే రిటర్న్ నిబంధనలు ముందే చదవండి.

అంగీకరించకండి: కొనేశారా? ఒప్పందం కనిపించే తెర దగ్గరే ఆగండి. ఫొటో తీయండి. బిల్లు, పెట్టె, సీరియల్ నంబరు భద్రపరచండి. ఒకసారి అంగీకరించి వాడాక ‘నాకొద్దు’ అంటే వాదన బలహీనపడుతుంది.

రాతపూర్వకంగా అడగండి: తయారీ సంస్థ కస్టమర్ కేర్‌కు మెయిల్ పంపండి. కొన్న తేదీ, మోడల్, సీరియల్ నంబరు రాసి, ఒప్పందాన్ని అంగీకరించలేదని, విండోస్ ధర మాత్రమే వాపసు కావాలని స్పష్టంగా చెప్పండి. ఫోన్‌లో చెబితే ఆధారం మిగలదు. ‘మొత్తం ల్యాప్‌టాప్ ఇచ్చేయండి’ అనే జవాబు రావొచ్చు. ఆ మాటను కూడా మెయిల్‌లోనే తీసుకోండి.

1915కు ఫోన్ చేయండి: ఇది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే చోటే కేసు వేయొచ్చు. వస్తువు విలువ రూ.5 లక్షల లోపుంటే ఫీజు లేదు. లాయర్ తప్పనిసరి కాదు. రెండేళ్లలోపు వేయాలి. ఆన్‌లైన్‌లోనూ ఫిర్యాదు చేయొచ్చు.

ఒకటి కొనాలంటే మరొకటి కూడా కొనాల్సిందే అనే షరతును ఈ చట్టం తప్పుగానే చూస్తుంది. మీ వాదనకు ఆధారం అదే. ‘విండోస్ లేని మోడళ్లూ అమ్ముతున్నాం, మీరే ఇది ఎంచుకున్నారు’ అని కంపెనీ అనొచ్చు. కాబట్టి, గెలుపు ఖాయం అనుకుని దిగొద్దు. మీకు కావాల్సిన మోడల్ విండోస్ లేకుండా దొరకలేదని చూపించగలిగితే మీ మాటకు బలం.

ట్రయల్ యాంటీవైరస్‌ల సంగతి?

వాటికి విడిగా డబ్బు కట్టలేదు కాబట్టి అడగడానికేమీ ఉండదు. అన్‌ఇన్‌స్టాల్ చేసేయండి. ‘ఉచిత ట్రయల్’ అంటూ కార్డు వివరాలు అడిగితే మాత్రం ఆగండి. గడువు తీరాక తనంతట తానే డబ్బు లాగేసుకునేది అక్కడే. ఆటో డెబిట్‌కు కనీసం 24 గంటల ముందు బ్యాంకు నుంచి సమాచారం రావాలన్నది రిజర్వ్ బ్యాంకు నిబంధన. ఆ మెసేజ్‌ను చూడకుండా వదలొద్దు.

తొందరపడొద్దు

విండోస్ తీసేసే ముందు మీ బ్రాంచిలో ఏ సాఫ్ట్‌వేర్‌లు వాడతారో సీనియర్లను అడగండి. మెకానికల్, సివిల్ వాళ్ల డిజైన్ సాఫ్ట్‌వేర్‌లు కొన్ని విండోస్ మీదే నడుస్తాయి. కంప్యూటర్ సైన్స్ వాళ్లకైతే లైనక్స్ రావడం ఉద్యోగానికి పనికొచ్చే నైపుణ్యం. సర్వర్లు, క్లౌడ్ కొలువుల్లో రోజూ దానితోనే పని. ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూడండి.

వాపసు వచ్చినా రాకపోయినా ఓ మంచి అలవాటు మిగులుతుంది. ఒప్పందం చదవడం, బిల్లు దాచడం, అడగాల్సింది కాగితం మీద అడగడం. రేపు ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టేటప్పుడూ ఇదే కావాలి. కాటా దగ్గర నాన్న చూపే జాగ్రత్తే ఇది. మీరు చూపాల్సింది స్క్రీన్ ముందు. అంతే తేడా!