చేతి బొమ్మలోని చుక్కలు కంప్యూటర్‌లో ఎందుకు మాయమవుతాయి?

ఒక కరివేపాకు తుంచి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. ఆకులో సన్నని చుక్కలు కనిపిస్తాయి. అవి తైల గ్రంథులు. కరివేపాకు సువాసన వాటి నుంచే వస్తుంది. నిమ్మ, నారింజ, మారేడు ఆకుల్లోనూ ఇవి ఉంటాయి. ఈ మొక్కలన్నీ రూటేసీ కుటుంబానికి చెందినవి. ఆ కుటుంబాన్ని గుర్తుపట్టడానికి వృక్షశాస్త్రవేత్తలు చూసే ముఖ్య లక్షణాల్లో ఈ చుక్కలు ఒకటి. అందుకే ఆకు బొమ్మ గీసేవారు సన్నని ఇంకు పెన్నుతో వాటిని ఓపిగ్గా పెడతారు.

అలాంటి బొమ్మను స్కాన్ చేసి, కంప్యూటర్‌లో వెక్టర్ చిత్రంగా మార్చినప్పుడు ఒక్కోసారి గీతలన్నీ చక్కగా వస్తాయి కానీ చుక్కలు కనిపించవు. ఎందుకిలా?

గళ్ల బొమ్మ, గీతల బొమ్మ

స్కానర్ ఇచ్చేది బిట్‌మ్యాప్ చిత్రం. అది పిక్సెల్స్ అనే చిన్న గళ్లతో తయారవుతుంది. 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 గళ్ల చొప్పున స్కాన్ చేస్తే ఒక ఏ4 కాగితం దాదాపు 87 లక్షల గళ్లవుతుంది. దాన్ని బాగా పెద్దది చేస్తే గీతల అంచులు మెట్లుమెట్లుగా కనిపిస్తాయి.

వెక్టర్ చిత్రంలో గళ్లకు బదులు గణిత సమీకరణాలు ఉంటాయి. ఒక వంపును నాలుగు బిందువులతో చెప్పవచ్చు. రెండు బిందువులు దాని మొదలు, చివరలను చూపితే, మిగతా రెండూ అది ఎటు ఎంత వంగాలో నిర్ణయిస్తాయి. వీటిని బెజియర్ వక్రాలు అంటారు. ఫ్రాన్స్‌లోని రెనో కార్ల కంపెనీ ఇంజినీరు పియర్ బెజియర్ 1960లలో కార్ల రూపకల్పన కోసం వీటిని వాడుకలోకి తెచ్చారు. వెక్టర్ బొమ్మను తపాలా బిళ్లంత ముద్రించినా, గోడంత ముద్రించినా అంచులు నున్నగానే ఉంటాయి.

దుమ్మా, చుక్కా?

ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్‌లో ఈ మార్పిడికి 'ట్రేస్ బిట్‌మ్యాప్' అనే సదుపాయం ఉంది. పీటర్ సెలింజర్ రూపొందించిన పోట్రేస్ అనే ప్రోగ్రాం దాని వెనుక పనిచేస్తుంది. అది ముందుగా ప్రతి గడినీ నలుపో తెలుపో తేలుస్తుంది. తర్వాత నల్లని భాగాల సరిహద్దులను బహుభుజులుగా మార్చి, చివరికి వాటిని వంపులుగా తీర్చిదిద్దుతుంది.

స్కాన్‌లో దుమ్ము మరకలు కూడా పడతాయి కాబట్టి, మామూలు అమరికలో 2 పిక్సెల్స్ వరకు ఉన్న మచ్చలను ఈ ప్రోగ్రాం వదిలేస్తుంది. చిక్కు ఇక్కడే వస్తుంది. 0.1 మిల్లీమీటర్ల వెడల్పున్న ఇంకు చుక్క 300 డీపీఐలో సుమారు ఒక్క పిక్సెల్ అంతే ఉంటుంది. అంటే దుమ్ముతో పాటు అదీ పోతుంది. అదే చుక్క 600 డీపీఐలో 4, 1200 డీపీఐలో 17 పిక్సెల్స్ దాకా ఆక్రమిస్తుంది. అప్పుడు అది నిలిచే అవకాశం ఎక్కువ.

ఏం చేయాలి?

ఇంకు చుక్కలున్న బొమ్మను కనీసం 600 డీపీఐలో, వీలైతే 1200లో స్కాన్ చేయాలి. మచ్చలను తొలగించే 'స్పెకల్స్' విలువను తగ్గించి, దుమ్ము మరకలను చేత్తో తుడిచేయాలి. నలుపు తెలుపుల హద్దును కూడా మార్చి చూడాలి. లేకపోతే పలచని గీతలు తెలుపులో కలిసిపోతాయి. చివరగా అసలు స్కాన్‌ను అడుగు పొరగా ఉంచి, దానిపై వెక్టర్ బొమ్మను పెట్టి రెండింటినీ పోల్చాలి. అసలు కాగితాన్నీ, స్కాన్‌నూ భద్రపరచాలి. సాఫ్ట్‌వేర్‌కు మచ్చ పరిమాణం మాత్రమే తెలుస్తుంది. అది దుమ్మో, తైల గ్రంథో చెప్పగలిగేది ఆకును చూసి గీసినవారే.