పాత ఫిషింగ్ బోటు కొనబోతున్నారా? ముందు దాని వెనుక గోడ తట్టి చూడండి

మొదట చెరువు గట్టున నిలబడి గాలం వేయడం, తర్వాత ఏ మిత్రుడి బోటులోనో లేక్ టెక్సోమాకో, లేక్ కాన్రోకో వెళ్ళి రావడం, ఆ పైన "మనమే ఒకటి కొనుక్కుంటే పోలా?" అన్న ఆలోచన. టెక్సాస్‌లో ఉంటూ చేపల వేట సరదా పట్టుకున్న వారి కథ సాధారణంగా ఇలాగే నడుస్తుంది. కొత్త బోటు ధర చూడగానే చూపు పాత బోట్ల ప్రకటనల మీదికి మళ్ళుతుంది. అందులో తప్పేమీ లేదు. జాగ్రత్తగా వాడిన పదిహేనేళ్ళ బోటు ఇంకా చాలా ఏళ్ళు సుఖంగా పనిచేస్తుంది. చిక్కల్లా ఒక్కటే. పాత కారుకు ఓడోమీటర్ ఉంటుంది, చరిత్ర దొరుకుతుంది. బోటు విషయంలో చాలా వరకు మన కళ్ళూ చెవులే దిక్కు!

ఈ వ్యాసంలో చెప్పేది 16 నుంచి 20 అడుగుల లోపు, వెనుక ఔట్‌బోర్డ్ ఇంజను తగిలించిన, ట్రైలర్ మీద లాక్కెళ్ళే బోట్ల గురించి. మనవాళ్ళు ముందుగా కొనేవి ఎక్కువగా ఇవే.

కొనడానికి వెళ్ళిన వాళ్ళు సాధారణంగా ముందు ఇంజను మూత తీసి చూస్తారు, లేదా ఫిష్ ఫైండర్ తెర చూసి మురిసిపోతారు. నన్నడిగితే ముందు చూడవలసింది ట్రాన్సమ్. అంటే ఇంజను వేలాడే వెనుక గోడ. పాత ఫైబర్‌గ్లాస్ బోట్లలో చాలావాటికి ఈ గోడ లోపల ప్లైవుడ్ ఉంటుంది, బయట ఫైబర్ పూత. ఎవరో బిగించిన ఒక స్క్రూ రంధ్రానికి సరిగ్గా సీలెంట్ పెట్టకపోతే చాలు, నీరు మెల్లగా లోపలికి దిగి ఏళ్ళ తరబడి ఆ చెక్కను కుళ్ళబెడుతుంది. పైకి మాత్రం తళతళలాడుతూనే ఉంటుంది. ఇంజను చెడితే శబ్దం చేసి చెబుతుంది, చెక్క కుళ్ళితే చెప్పదు. వేగంగా పోతున్నప్పుడు ఆ గోడ లొంగిందంటే పోయేది ఇంజను ఒక్కటే కాదు, లోపల కూర్చున్న వాళ్ళ ప్రాణాలకే ముప్పు.

పరీక్ష తేలికే. మన అమ్మమ్మలు కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూసేవారు కదా, అదే పద్ధతి. ప్లాస్టిక్ సుత్తితోనో, స్క్రూడ్రైవర్ పిడితోనో గోడంతా తట్టుకుంటూ రండి. గట్టి చోట "టక్" మని స్పష్టంగా మోగుతుంది, కుళ్ళిన చోట "బొద్దు" మని మూగగా ఉంటుంది. తర్వాత ఇంజనును సగం పైకి లేపి, దాని అడుగు భాగం పట్టుకుని మెల్లగా కిందికీ పైకీ ఊపుతూ గోడను గమనించండి. గోడ ఏ మాత్రం వంగినా, ఇంజను బోల్టుల చుట్టూ పగుళ్ళు కనిపించినా, స్క్రూ రంధ్రాల నుంచి గోధుమ రంగు నీరు కారినా, నమస్కారం పెట్టి వచ్చేయండి. దాన్ని తిరిగి కట్టించడానికి వేల డాలర్లు అవుతాయి. ఒక్కోసారి అది బోటు ధరనే మించిపోతుంది.

లోపలి నేల సంగతీ అంతే. చెప్పులు విడిచి, ప్రతి అడుగూ నొక్కి నడవండి. మెత్తగా దిగే చోటు ఉందంటే కింద ఆధారంగా ఉన్న చెక్క కూడా పోయి ఉండవచ్చు. తేలడం కోసం నేల కింద నింపిన ఫోమ్ నీరు పీల్చుకుని ఉంటే బోటు బరువు పెరిగిపోతుంది. గాలన్ నీరు 8 పౌన్లకు పైనే కదా! అనుమానం ఉంటే ట్రైలర్‌తో సహా ట్రక్కుల కాటా మీద తూయించి, తయారీదారు చెప్పిన బరువుతో పోల్చి చూడండి. అల్యూమినియం బోటైతే చెక్క బెడద తక్కువ గానీ రివెట్లు కారుతాయి. ట్రైలర్ మీదే ఉంచి, లోపల రెండు మూడు అంగుళాల నీళ్ళు పోసి కింద ఎక్కడ చుక్కలు పడుతున్నాయో చూస్తే సరి. గాల్వెస్టన్ వైపు ఉప్పునీటిలో తిరిగిన బోటైతే వైర్ల చివర్లు, బోల్టులు, ట్రైలర్ ఫ్రేము మరింత శ్రద్ధగా చూడాలి.

ఇక ఇంజను. మీరు వచ్చేవరకు స్టార్ట్ చేయవద్దని అమ్మే ఆయనకు ముందే చెప్పండి. వెళ్ళగానే మూత మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే, చల్లని ఇంజను స్టార్ట్ అవడానికి మొరాయిస్తుందేమోనని అనుమానించాలి. నీళ్ళ గొట్టం తగిలించకుండా ఎట్టి పరిస్థితిలోనూ నడపనివ్వకండి. నీటి పంపులోని రబ్బరు ఇంపెల్లర్ క్షణాల్లో పాడవుతుంది. నడుస్తున్నప్పుడు పక్కనుంచి నీటిధార బలంగా, ఆగకుండా రావాలి. కంప్రెషన్ పరీక్ష తప్పనిసరి. అన్ని సిలిండర్ల అంకెలూ దగ్గర దగ్గరగా, 10 శాతానికి మించని తేడాతో ఉండాలి. తర్వాత అడుగున గేర్ల పెట్టె స్క్రూ కొద్దిగా విప్పి రెండు చుక్కల ఆయిల్ తీయించండి. పాలెక్కువైన కాఫీలా ఉంటే లోపలికి నీరు చేరినట్టే. ఇవేవీ మీకు చేతకాకపోతే మెరైన్ మెకానిక్‌కు డబ్బిచ్చి చేయించండి. ఆ ఖర్చు దండగ కాదు.

నీటిలో నడిపి చూడకుండా మాత్రం కొనకండి. పూర్తి వేగంలో ఇంజను ఆర్‌పీఎం తయారీదారు చెప్పిన పరిధికి చేరాలి. చేరకపోతే ప్రొపెల్లర్ సరిపడనిదైనా కావచ్చు, ఇంజను బలహీనపడైనా ఉండవచ్చు, బోటు నీరు తాగి బరువెక్కైనా ఉండవచ్చు. అరగంట తిరిగాక అడుగున నీరు చేరిందేమో చూడండి.

బోటు లోపల కోస్ట్ గార్డ్ సామర్థ్యపు పలక ఉంటుంది. ఎంతమంది, ఎంత బరువు, ఎన్ని హార్స్‌పవర్ అని దాని మీద రాసి ఉంటుంది. ఇంజను దానికి మించి ఉంటే ఇన్సూరెన్స్ దగ్గర పేచీ వస్తుంది. మన ఇళ్ళకు చుట్టాలొస్తే అందరినీ ఒకేసారి ఎక్కించే అలవాటు ఉంది చూశారూ, కాబట్టి ఆ అంకె కొనే ముందే చదవడం మంచిది. ఇంజనును ఆపే కట్-ఆఫ్ తాడు లాగి అది పనిచేస్తుందో లేదో చూడండి. 26 అడుగుల లోపు బోట్లు వేగంగా నడిపేటప్పుడు దాన్ని తగిలించుకోవాలని 2021 ఏప్రిల్ 1 నుంచి ఫెడరల్ నిబంధన ఉంది. టెక్సాస్‌లో ఆ సైజు బోటు కదులుతుండగా 13 ఏళ్ళ లోపు పిల్లలు లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలి. అమ్మే ఆయన ఉచితంగా ఇచ్చే పాత జాకెట్లు మీ పిల్లల కొలతకు సరిపోవు, కొత్తవి కొనండి.

ట్రైలర్‌ను చాలామంది పట్టించుకోరు. టైరు మీద డాట్ అక్షరాలతో మొదలయ్యే కోడ్ చివర నాలుగంకెలు ఉంటాయి. 2318 అంటే 2018లో 23వ వారం తయారైందని. గాడి ఎంత లోతుగా కనిపించినా పాతబడిన టైరు ఎండకు బీటలు వారి హైవే మీద పేలుతుంది. కొద్ది మైళ్ళు లాగి చక్రాల హబ్‌లు ముట్టుకోండి, కాలుతుంటే బేరింగులు పోయినట్టే. మన ఇళ్ళలో ఉండే హోండా ఒడిస్సీ, టయోటా సియెన్నా లాంటి మినీవ్యాన్లు లాగగలిగేది మహా అయితే 3,500 పౌన్లు. 19 అడుగుల ఫైబర్ బోటు, ఇంజను, పెట్రోలు, ట్రైలర్ కలిస్తే ఆ హద్దు సులువుగా దాటుతుంది.

చివరిగా కాగితాలు. టెక్సాస్‌లో బోటుకు ఒక టైటిల్, ఔట్‌బోర్డ్ ఇంజనుకు వేరే టైటిల్. రెండూ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖే ఇస్తుంది. ట్రైలర్ కాగితాలు మళ్ళీ వేరు. బోటు వెనుక కుడివైపు పైన చెక్కిన 12 అక్షరాల హల్ నంబరు, ఇంజను మీది సీరియల్ నంబరు టైటిళ్ళతో అక్షరం అక్షరం సరిపోవాలి. టైటిల్ మీద బ్యాంకు పేరు ఉంటే అప్పు తీరినట్టు కాగితం అడగండి. 2017 ఆగస్టు నాటి హార్వీ తుఫాను లాంటివి వచ్చినప్పుడు మునిగిన బోట్లు శుభ్రం చేసి మళ్ళీ అమ్మకానికి వస్తుంటాయి. అరల మూలల్లో బురద, పచ్చబడిన వైర్లు ఉన్నాయేమో టార్చి వేసి చూడండి. "ఇంజను టైటిల్ ఎక్కడో ఉంది, తర్వాత పంపిస్తాను" అన్న వారికి మీరూ డబ్బు తర్వాతే పంపిస్తానని చెప్పండి. అన్నీ కుదిరితే ఇద్దరూ కలిసి ఆ శాఖ ఆఫీసుకే వెళ్ళి, పేరు మార్పిడి, 6.25 శాతం టాక్సు అక్కడే పూర్తి చేసుకుని, అప్పుడు చెక్కు చేతికివ్వండి.