నౌపడ–గుణుపురము చిన్నరైలు దారి

శ్రీకాకుళము జిల్లా నౌపడలోని ఉప్పుమళ్ల చెంత బయలుదేరి, టెక్కలి, పాతపట్నము, పర్లాకిమిడి, కాశీనగరముల మీదుగా ఒడిశాలోని గుణుపురము చేరు రైలుదారి నిడివి సుమారు 90 కిలోమీటర్లు. పర్లాకిమిడి సంస్థానాధీశుడు గౌరచంద్ర గజపతి తన పట్టణమును మద్రాసు–కలకత్తా ప్రధానమార్గముతో కలుపగోరి దీనిని వేయించెను. 1900లో బండి పర్లాకిమిడి వఱకే నడచినది. గుణుపురమునకు 1931లో చేరినది. పట్టాల నడిమి వెడల్పు 2 అడుగుల 6 అంగుళములు మాత్రమే. అంత సన్నని దారిపై వేగము నెవరును ఆశింపలేదు.

ఆ నెమ్మదితనమే ఈ సీమ చరిత్రను తెలిసికొనుటకు అనువైనది. వరిచేల నడుమ సాగుచు, పల్లెపల్లెకు ఆగుచుండిన ఆ బండిలో తెలుగు ఎచట ముగిసెనో, ఒడియా ఎచట మొదలయ్యెనో చెప్పుట కష్టము. కొండల నుండి దిగివచ్చు సవరల భాష ఈ రెంటికిని భిన్నము. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్ర మేర్పడినపుడు పాతపట్నమునకును పర్లాకిమిడికిని నడుమ సరిహద్దు పడెను. పొరుగూళ్లు వేఱువేఱు రాష్ట్రములవైనవి. బండి మాత్రము ఆ గీతను దాటుచునే యుండెను.

1880లో పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా చేరిన గిడుగు రామమూర్తి సవరభాషను సవరల నోటనే నేర్చెను. ఆయన సవర వ్యాకరణమును మద్రాసు ప్రభుత్వము ప్రకటించినదియు, బండి గుణుపురము చేరినదియు ఒకే సంవత్సరము. పర్లాకిమిడి ఒరిస్సాలో చేరుట కిష్టపడక ఆయన 1936లో ఆ యూరు విడిచి రాజమహేంద్రవరమునకు వెడలెను. వ్యావహారికమునకై పోరాడిన ఆ మహనీయుడు ఈ వ్యాసపు భాషను చూచిన నవ్వియుండెడివాడు!

చిన్నబండి 2004లో నిలిచినది. 2011లో పెద్దపట్టాల బండి గుణుపురమునకు వచ్చెను. ధాన్య మమ్ముకొను రైతునకును, ఆసుపత్రికి పోవు రోగికిని ఇది మేలే. దీనిని నిందించుట తగదు. అయినను గుణుపురమునకు పోవు తెలుగువారు ఉదయము దిగి సాయంకాలము మరలక, రెండుమూడు దినము లుండుట మంచిది. వంశధార గట్టు, వారపుసంత, పుట్టాసింగి పరిసరములలో సవరలు ఇంటిగోడలపై వ్రాయు ఇడితాల్ చిత్రములు తొందరలో చూడదగినవి కావు.

అన్నిటికంటె ముందుగా చేయవలసిన పని వేఱొకటి కలదు. ఇంట తెలుగు పలికి బడిలో ఒడియా చదువు పిల్లలకు తాతల మాటలు కొన్ని యిప్పటికే తెలియవు. చిన్నబండిలో సంతకు పోయిన పెద్దలను కలిసి, ఏ స్టేషనులో ఏ సరుకు ఎక్కెడిదో, కుంచము, అడ్డ, మానికలతో ఏమేమి కొలిచెడివారో, బేరమాడునపుడు ఏ భాషలో మొదలిడి ఏ భాషలో ముగించెడివారో అడిగి వ్రాసికొనవలెను.